ఊగే బరువు

మా ఆయన ముప్పై ఏళ్లు ఇనుము ఫ్యాక్టరీలో క్రేన్ నడిపాడు. ఇంట్లో బల్బు మార్చమంటే మాత్రం బల్ల ఎక్కడానికి భయం. పెళ్లైన కొత్తలోనే నాకు క్రేన్ పాఠాలు మొదలుపెట్టాడు. ఊగుతున్న బరువును దించకూడదు. దాని కింద మనిషి నిలబడకూడదు. ఈ రెండూ తెలిస్తే లోకంలో ఎక్కడైనా బతకొచ్చని ఆయన నమ్మకం.

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బును రెండు భాగాలు చేశాడు. ఒకటి బ్యాంకు డిపాజిట్, దాని వడ్డీతో ఇల్లు గడవాలి. రెండోది షేర్ల ఫండ్లలో పెట్టాడు.

"డిపాజిట్ నీది. నా తర్వాత నువ్వు ఎవరి ముందూ చెయ్యి చాపకూడదు. ఫండ్లు నావి," అన్నాడు.

"అబ్బో, ఆస్తి పంపకాలా! పెద్దమనుషుల్ని పిలవనా?" అని ఆటపట్టించాను.

కిందటేడు మార్కెట్ పడింది. ఫండ్ల విలువలో మూడో వంతు కరిగిపోయింది. మా అమ్మాయి కంగారుపడి ఫోన్ చేస్తే నవ్వాడు.

"ఊగుతోందమ్మా. ఊగేటప్పుడు దించకూడదు. ఇప్పుడు అమ్మితేనే నష్టం."

ఆ మాటలో తప్పేం లేదు. నాకూ ధైర్యం వచ్చింది.

ఆ రోజుల్లోనే మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోయేవాడు. అడిగితే "గ్యాసు" అనేవాడు. గ్యాసట! ఒక్కడే వెళ్లి గుండె డాక్టరుకు చూపించుకున్నాడనీ, ఆపరేషన్ వెంటనే చేయాలంటే "మార్కెట్ కాస్త లేచాక వస్తానండీ" అని లేచొచ్చాడనీ, ఆయన పోయాక ఆ డాక్టరే నాతో చెప్పాడు.

డిపాజిట్ తీస్తే సరిపోయేది. అది నాదట, ముట్టుకోడట. ఫండ్లు అమ్మినా సరిపోయేది. అవి నష్టంలో ఉన్నాయట. నన్ను ఒక్క మాట అడిగితే ముత్యాలు రాలిపోతాయా? పోయిన మనిషి మీద అంత కోపమేమిటని మా అక్క కసురుతుంది. కోపం తగ్గితే ఏడుపొస్తుంది, ఏడుపు మొదలైతే ఆగడం లేదు. దానికన్నా కోపమే నయం.

నిన్న అమ్మాయి వచ్చింది. నేను గిన్నెలు తోముతుంటే ఫోన్ నా ముందు పెట్టింది.

"అమ్మా, ఫండ్లు లేచాయి. పడకముందుకన్నా ఎక్కువే ఉన్నాయి. నాన్న చెప్పినట్టే అయింది."

"అమ్మెయ్."

"ఇప్పుడా? ఇంకా పెరుగుతాయేమో కదా."

"ఊగడం ఆగిందిగా. దించెయ్."

అది నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నా చేతులకు సబ్బు, దాన్ని పట్టుకోలేకపోయాను. తలుపు వెనక మేకుకి ఆయన పసుపు హెల్మెట్ ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్నే అడిగాను.

"బరువు కింద మనిషి నిలబడకూడదని నాకు చెప్పారు కదండీ. మరి మీరెందుకు నిలబడ్డారు?"