చప్పుడు ఆగేదాకా

శరత్కాలం వచ్చిందంటే హితోయోషిలో కుమా నది మీంచి మంచు లేచి ఊరంతా కమ్మేస్తుంది. ఊళ్ళోవాళ్ళకి అదో తలనొప్పి. ఉతికిన బట్టలు ఆరవు, ఎదురింటి గోడ కనపడదు. ఒసాకా నుంచీ టోక్యో నుంచీ దిగే జనానికి మాత్రం అదే కావాలి. వంతెన మీద నిలబడి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చి "ఆహా, ఏం వాతావరణం!" అంటారు. అంత దూరం వాతావరణం చూడటానికి వచ్చినవాళ్ళు తీరా వచ్చాక కళ్ళెందుకు మూసుకుంటారో ఫుసాయెకి నలభై ఏళ్ళుగా అర్థం కాలేదు. అలాంటివాళ్ళకి తన ఊళ్ళో అన్నం పెట్టి, పక్కలు వేయించి బతికిన మనిషి ఆవిడ.

ఆ రోజు బస్సు దిగిన ఫుసాయె వాతావరణం కోసం రాలేదు. వంకలు పెట్టడానికి వచ్చింది.

ఇవాకునిలో, నిషికి ఏటి ఒడ్డున, కవసే అనే పాత విడిది ఆవిడది. అత్తగారి చేతుల్లోంచి తీసుకుని నడుపుతోంది. కొడుకు కాజుమ జబ్బుచేసి పోయాడు. వాడు పోయి ఏడాది తిరిగిందో లేదో, కోడలు చిహారు పెట్టె సర్దుకుని ఈ ఊరొచ్చేసింది. వరదలో మునిగి పాడుపడ్డ ఒక బియ్యపు సారా వ్యాపారి ఇంటిని బాగుచేయించి, తమారి అని పేరు పెట్టుకుని, సొంతంగా విడిది తెరిచింది. ఇప్పుడు ఫుసాయె మోకాళ్ళు అరిగిపోయాయి. కవసేని చూసుకునేవాళ్ళు లేరు. ఏడాది ఆఖరుకల్లా అప్పగిస్తే చాపలన్నీ పీకేసి, గుమ్మంలో మనిషన్నదే లేకుండా, మీట నొక్కి గది తీసుకునే హోటల్ చేస్తామని ఒక కంపెనీ కాచుకుని కూర్చుంది. చిహారు తిరిగొస్తే కవసే ఉంటుంది. రాకపోతే ఉండదు.

అయితే బతిమాలడం ఫుసాయె వంటికి సరిపడదు. అందుకని ఆవిడ తనకి తెలిసిన దారి ఎంచుకుంది. మియాతా అని పుట్టింటివారి పేరుతో తమారిలో గది చెప్పి, ఒక్క పూట ఉండి, తప్పులన్నీ మూట కట్టాలి. వెళ్ళేముందు ఆ మూట కోడలి ముందు విప్పి, "ఇదా నువ్వు వెలగబెట్టింది? నడు, ఇంటికి పోదాం" అనాలి. సాయం కావాలని అడగడం కంటే తిట్టి తీసుకెళ్ళడం గౌరవంగా ఉంటుందని ఆవిడ లెక్క.

చిహారు గుమ్మంలోనే ఉంది. అత్తగారిని చూడగానే ఒక్క క్షణం చూపు ఆగింది. అంతే. మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు నేలకి ఆనించి నమస్కరించింది.

"రండి, మియాతా గారూ. చాలా దూరం నుంచి వచ్చారు, అలిసిపోయి ఉంటారు."

అతిథి దొంగపేరుతో వచ్చినా, పెళ్ళాం కాని మనిషిని వెంటేసుకొచ్చినా, తెలిసినట్టు మొహంలో కనపడకూడదని దీనికి నేర్పింది నేనే కదా అనుకుంది ఫుసాయె. నేర్చుకున్నందుకు ఒళ్ళు మండింది. పైకి మాత్రం, "ఆ, ఏదో, రేవులు చూద్దామని వచ్చానమ్మా" అని ముక్కు ఎగబీల్చింది.

తప్పులకి కొదవ లేదు. గుమ్మంలో పువ్వులు లేవు, ఒక జాడీలో కొమ్మతో సహా పండని సీమపళ్ళు పెట్టారు. ఇదేమైనా పళ్ళకొట్టా? గదిలో చాప మీద పరుపు వెయ్యడానికి బదులు పొట్టి మంచం వేశారు. ఇదేమైనా ఆసుపత్రా? టీ తెచ్చిన పనిమనిషి కునికో మోకాళ్ళ మీద కూర్చుని తియ్యాల్సిన తలుపు నిలబడే తీసింది, కూర్చునే మెత్తటి పీఠం తిరగేసి వేసింది.

"ఏమ్మా, పీఠానికి ముందూ వెనకా ఉంటాయని మీ ఊళ్ళో ఎవరూ చెప్పరా?" అంది ఫుసాయె.

కునికో ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే మనవల్నెత్తిన మనిషి. ఏమాత్రం జంకలేదు. "ఉంటాయండీ. కానీ కూర్చున్నాక రెండు వైపులా మెత్తగానే ఉంటుంది లెండి!" అని నవ్వేసి వెళ్ళిపోయింది.

"కళ్ళు నెత్తికెక్కాయి దీనికి" అని ఫుసాయె పీఠాన్ని తనే తిప్పి వేసుకుంది. స్నానానికి వెళ్ళి, వేడినీళ్ళ తొట్టి దగ్గర ఎవరో ఎలాపడితే అలా వదిలేసిన చెక్కపీటల్ని కడిగి, బోర్లించి, వరసగా పెట్టింది. వస్తూ వస్తూ నడవాలో చెప్పుల్ని కాలు పెట్టడానికి వీలుగా బయటికి తిప్పింది. వంకలు పెట్టడానికి వచ్చిన మనిషి వంకల్ని సరిచేస్తూ తిరుగుతోందని ఆవిడకి తట్టనేలేదు.

భోజనాలు ఏటివైపు హాల్లో. అక్కడ ఫుసాయె కాక ఒసాకా నుంచి వచ్చిన జంట ఒకటి ఉంది. ఆ మొగుడూ పెళ్ళాలు చేపని తినడం లేదు, ఫోటోలు తీస్తున్నారు. ఓ పక్కనుంచీ, పైనుంచీ, కిటికీ వెలుతురు పడేలా పళ్ళెం జరిపీ. చేప కాలి, చల్లారి, ఇంకోసారి చచ్చింది.

"మాకు ఈ ఊరి వాతావరణం భలే నచ్చిందండీ," అంది ఆ అమ్మాయి చిహారుతో. "ఒక్కటే, మా గదిలోకి ఏటి చప్పుడు కాస్త ఎక్కువగా వస్తోంది. కొంచెం తక్కువ వచ్చే గది ఉందా?"

ఫుసాయె తాగుతున్న సారా ముక్కులోకి పోయింది. ఏటి ఊరికొచ్చి ఏటిని నోర్మూసుకోమనే బాపతు! చిహారు మాత్రం చలించలేదు. "అయ్యో, తప్పకుండా. వెనకవైపు గదిలో పక్కలు వేయిస్తానండీ," అంది. అలా అనాలి, సరిగ్గా అలాగే అనాలి. ఫుసాయె దాన్ని తప్పుల మూటలో వెయ్యలేక పక్కన పడేసింది.

ఆవిడ బల్ల దగ్గర ఒక పొట్టి కుర్చీ వేసి ఉంది. మిగతావాళ్ళకి కింద పీఠాలే.

"కుర్చీ నేనడిగానా?"

"లేదండీ. ఆ మూల నేల చల్లగా ఉంటుంది" అంది చిహారు, ఆవిడ మోకాళ్ళ వంక చూడకుండా.

ఫుసాయె కూర్చుంది. హాయిగా ఉంది. హాయిగా ఉన్నందుకు ఇంకా మండింది.

ఆయు చేప వచ్చింది. గుడ్లతో ఉన్న కాలం, కడుపు నిండుగా ఉంది. పుల్లకి గుచ్చి, ఈదుతున్నట్టే వంపు తిప్పి, తోకకి ఉప్పు పట్టించి కాల్చారు. ఫుసాయె వెతికి వెతికి, "ఉప్పు కాస్త ఎక్కువైంది" అనుకుంది. నిజానికి ఎక్కువ కాలేదు. ఆఖర్న చిహారు ఒక చిన్న గిన్నె తెచ్చి ముందు పెట్టింది. అందులో చేప అన్నం వండిన కుండ అడుగున అంటుకున్న మాడు. ఉప్పుచేత్తో ముద్ద చేసి ఉంది.

కవసేలో ఆ మాడు అతిథుల కళ్ళ పడటానికి వీల్లేదు. అది వంటింట్లో, అందరి భోజనాలూ అయ్యాక, అత్తాకోడళ్ళు నిలబడి తినేది. పన్నెండేళ్ళు అలాగే తిన్నారు. కాజుమ మధ్యలో దూరి పెద్ద ముక్క లాక్కుపోయేవాడు.

"పనివాళ్ళ తిండి అతిథికి పెడతారా మీ ఊళ్ళో?" అంది ఫుసాయె.

"నచ్చకపోతే తీసేస్తానండీ, మియాతా గారూ."

"తెచ్చాక ఇంక తీసేదేముంది, ఉండనీ."

మెతుకు మిగల్చకుండా తిన్నది. చిహారు గిన్నె తీసుకుపోయింది.

పొద్దున్నే మంచు ఇంట్లోకి వచ్చేంతగా కమ్మింది. ఫుసాయె చేతిసంచితో గుమ్మంలో కూర్చుని, తన మూట మనసులో ఓసారి సర్దుకుంది. సీమపళ్ళు, మంచం, పీఠం, ఉప్పు, మాడు. అది మూటేమిటి, చిటికెడు లేదు. పోనీ, గోరంతని కొండంత చెయ్యడం నాకు కొత్తా అని ధైర్యం చెప్పుకుంది. టాక్సీ రావాలి. అది వచ్చేలోపు ఒసాకా జంట వెళ్ళిపోతే, చిహారు ఒంటరిగా దొరుకుతుంది.

ఇక్కడ కవసే పద్ధతి ఒకటి చెప్పాలి. వెళ్ళే అతిథిని సాగనంపేటప్పుడు యజమానురాలు గుమ్మం బయట మొదటి రాతి మీద నిలబడుతుంది. కోడలు ఒక అడుగు వెనక, ఎడమ పక్కగా. ఇద్దరూ నడుం వంచి నమస్కరించాలి. బండి మలుపు తిరిగితే సరిపోదు, దాని చప్పుడు వినపడటం మానేసేదాకా తల ఎత్తకూడదు. కాజుమ పోయాక ఒకరోజు చిహారు అడిగింది, "అత్తయ్యగారూ, ఆ రాతి మీద నేనెప్పుడు నిలబడతాను?" అని. "నేను చచ్చాక" అంది ఫుసాయె. మర్నాటికి చిహారు లేదు.

కారు తలుపు పడిన చప్పుడు వినపడగానే ఫుసాయె కాళ్ళు లేచాయి. ఆవిడ లేవమనలేదు, అవే లేచాయి. బయటికి నడిచింది, నిలబడాల్సిన చోట నిలబడింది.

ఒసాకా అబ్బాయి కారు అద్దం దించి, నేరుగా ఆవిడ మొహంలోకి చూసి, "అమ్మగారూ, మీ విడిది చాలా బాగుందండీ. మళ్ళీ వస్తాం," అన్నాడు.

"మహాభాగ్యం బాబూ. ఏటి మలుపు దగ్గర జాగ్రత్తగా పోనివ్వండి" అంది ఫుసాయె, ఎన్ని వేలసార్లు అన్నదో ఆ మాట. నడుం వంచింది.

కారు మంచులోకి పోగానే కనపడకుండా పోయింది. కునికో అప్పుడే నడుం ఎత్తి, చేతులు తుడుచుకుంటూ నిలబడింది. మంచులో ఇంజను చప్పుడు వంతెన దాకా వెళ్ళింది, వంతెన దాటింది, అవతలి గట్టు మీద సన్నగా మూలిగింది. చప్పుడు పూర్తిగా ఆగాక ఫుసాయె తల ఎత్తింది. సరిగ్గా అదే క్షణంలో ఎవరో వెనక తల ఎత్తిన అలికిడైంది.

ఫుసాయె తిరిగి చూసింది. తను మొదటి రాతి మీద ఉంది. చిహారు ఒక అడుగు వెనక ఉంది, ఎడమ పక్కగా.

కునికో నోరు తెరుచుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. నిన్న దిగిన ముసలావిడ వచ్చి తమ యజమానురాలి ముందు నిలబడటమేమిటి, యజమానురాలు తలొంచుకుని వెనక నిలబడటమేమిటి!

చిహారు తన కాళ్ళకేసి చూసుకుంది. ఆమె మొహం పాలిపోయింది.

ఫుసాయెకి అంతా అర్థమైంది. మూట విప్పక్కర్లేదు. సీమపళ్ళూ ఉప్పూ అక్కర్లేదు. ఇప్పుడు "నడు, ఇంటికి పోదాం" అంటే చాలు, ఇది వచ్చేస్తుంది. ఆ కాళ్ళే తీసుకొచ్చేస్తాయి. కవసే నిలబడుతుంది. ఇది మాత్రం ఇలాగే, ఒక అడుగు వెనక, తను చచ్చేదాకా నిలబడుతుంది. ఇంత కట్టుదిట్టంగా నేర్పానా అనుకుంది. తనమీద తనకే అసహ్యం వేసింది.

"అక్కడ నిలబడ్డావేం?" అంది.

"అలవాటు... అత్తయ్యగారూ."

"ఇదెవరి గుమ్మం?"

చిహారు మళ్ళీ తన కాళ్ళకేసి చూసుకుంది.

"నిన్నే! ఎవరిదీ గుమ్మం?"

"నాది."

"నీ గుమ్మంలో నువ్వు వెనక నక్కి నిలబడితే వచ్చినవాడు ఎవరికి చెప్పిపోతాడే? దారిన పోయే ముసలిదానికా? చూశావుగా, వాడు నాకే చెప్పిపోయాడు! పన్నెండేళ్ళు నా దగ్గర నేర్చుకుని, నేర్చుకున్నది ఇదా? సిగ్గులేకపోతే సరి. రా ఇలా ముందుకి."

చిహారు కదల్లేదు. ఫుసాయె అరిగిన మోకాళ్ళతో, గోడ పట్టుకుని, రాతి మీంచి దిగింది. పక్కకి కాదు, వెనక్కి కాదు. రోడ్డు మీదికి, అతిథులు నిలబడే వైపుకి దిగింది.

"ఎక్కు" అంది.

చిహారు మొదటి రాతి మీదికి వచ్చింది.

"కవసేలో మీ పక్కన ఇప్పుడెవరు నిలబడుతున్నారు అత్తయ్యగారూ?"

"ఎవరో ఒకళ్ళు నిలబడతారు. లేకపోతే మీట నొక్కుకుంటారు. నీకెందుకు?" అని, టాక్సీ రావడం చూసి, సంచి భుజానికి తగిలించుకుంది. "ఆ కునికోకి తలుపు కూర్చుని తియ్యడం నేర్పు. ఆ సీమపళ్ళు తీసి అవతల పారెయ్."

"పారెయ్యనండీ," అంది చిహారు. కన్నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం స్థిరంగా ఉంది. "అవి నాకిష్టం."

ఫుసాయె ఆమెని ఎగాదిగా చూసింది. "అలా ఏడు," అని బండెక్కింది.

టాక్సీ కదిలింది. ఫుసాయె వెనక్కి తిరిగి చూడలేదు. చూసినా మంచులో కనపడేది కాదు. వంతెన ఎక్కుతుండగా డ్రైవరు అద్దంలోంచి పలకరించాడు.

"తమారిలో దిగారా అమ్మా? భోజనం అదీ బాగుందా?"

"ఉప్పెక్కువ. తొందరగా పోనివ్వు బాబూ."

"ఈ మంచులో తొందరేంటమ్మా, ఏట్లో పడతాం! బస్సుకింకా టైముందిగా."

"బస్సు కోసం కాదయ్యా." వంతెన దాటింది. ఇంజను మూలుగు ఏటి మీద సాగిపోతూనే ఉంది. ఫుసాయె ముందు సీటు పట్టుకుని వంగింది. "పోనీ, బండి పక్కకి తియ్. ఇంజను ఆపెయ్."

డ్రైవరు కంగారుగా ఆపాడు. "ఏమైందమ్మా? ఒంట్లో బాలేదా?"

"నాకేం, నేను బాగానే ఉన్నాను" అంది ఫుసాయె. "అక్కడ ఓ పిచ్చిది వంగి నిలబడి ఉంది. దాన్ని కాస్త నడుం ఎత్తనీ."