వంతెన నిడివి

వంకలు పెట్టడం నా ఉద్యోగం. ఇంట్లో ఇదే పని ఊరికే చేసేదాన్ని, వంకలమ్మ అని పేరు కూడా పెట్టారు. ఆఫీసులో జీతమిచ్చి టెస్టర్ అంటున్నారు. గేమ్ జనంలోకి వెళ్ళేముందు దాన్ని ఆడి, ఎక్కడ గోడలోంచి కాలు బయటికొస్తోందో, ఎక్కడ చచ్చిన రాక్షసుడు లేచి కూర్చుంటున్నాడో పట్టుకుని రిపోర్టు రాయాలి.

ఈసారి చేతికొచ్చినవి పాత గేములు. మా చిన్నప్పటి రోల్‌ప్లేయింగ్ గేమ్ అది, మూడు భాగాలు. ఓ కుర్రాణ్ణి వెంటేసుకుని ఊళ్ళూ అడవులూ తిరుగుతూ, పోట్లాడుతూ, వాణ్ణి వీరుడిగా పెంచి పెద్దచేసే రకం. అవి ఆడే మిషన్లు ఎప్పుడో అటకెక్కాయి. మూడింటినీ ఒక్క పెట్టెలో సర్ది కొత్త కన్సోల్ మీద అమ్ముదామని మా కంపెనీ హక్కులు కొనుక్కుంది. బొమ్మలకి రంగులు దిద్దారు, అక్షరాలు పెద్దవి చేశారు. ఆ రోజుల్లో ఆడినవాళ్ళకి ఇప్పుడు కళ్ళజోళ్ళు వచ్చాయి మరి.

రెండో భాగంలో ఒక వంతెన ఉంది. కోట కూలిపోతుంటే వీరుడి అక్క తమ్ముణ్ణి బయటికి తోసేసి, తలుపు మూసి, తను లోపలే ఉండిపోతుంది. ఆ తర్వాత వీడొక్కడే వంతెన మీద నడవాలి. శత్రువులు రారు. పాట ఉండదు. అడుగుల చప్పుడు, కింద నీళ్ళు, అంతే. వంతెన మాత్రం ఓ పట్టాన తరగదు. అవతలి ఒడ్డున ఊరు కనబడేసరికి ఎంత గట్టివాళ్ళైనా కళ్ళు తుడుచుకుంటారు. దీని మీద జనం రాసిన వ్యాసాలు చదివాను. కొన్ని బాగున్నాయి, కొన్నిటికి వంతెన కన్నా నిడివి ఎక్కువ.

ఆ భాగాన్ని తయారుచేసిన ప్రోగ్రామర్‌ని సలహాలకని పిలిపించారు. డెబ్బై దాటిన మనిషి. అందరం పెద్దాయన అనేవాళ్ళం. వచ్చిన రోజే నా పక్కకి కుర్చీ లాక్కుని, వంతెన దాకా నాచేత ఆడించి, తెర మీద వేలు పెట్టారు.

"ఇది తీసెయ్యాలమ్మా."

"ఏది సార్?"

"వంతెన. నాలుగడుగులు ఉంచి మిగతాది కొట్టెయ్యండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇది తీసేస్తే ఈ భాగంలో ఇంకేం మిగులుతుందని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు.

"ఊరిని డిస్కులోంచి తెర మీదికి తేవడానికి ఆ పాత మిషన్‌కి టైం పట్టేది. అంతసేపూ వీణ్ణి ఎక్కడో ఒకచోట నడిపించాలి కదా. నడిపించాను. పాటా, శత్రువులూ కూడా ఆ డిస్కులోంచే రావాలి, అదేమో ఒకసారికి ఒక్క పనే చేస్తుంది. అందుకని పాట ఆపేశాను, శత్రువుల్ని తీసేశాను. దుఃఖం లేదు, ఏమీ లేదు."

"మరి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పకేం! చెబితే వినయం అనుకున్నారు. ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకుని ఏడుస్తారు. మా అమ్మ పోయినప్పుడు మీ వంతెనే నన్ను నిలబెట్టిందంటారు. నేను తలూపుతాను. వండని వంటకి మెచ్చుకోళ్ళు ఎన్నాళ్ళని వినను? ఈ కొత్త మిషన్‌కి ఆ ఆలస్యం అక్కర్లేదు. నా కళ్ళముందు సరిచెయ్యండి, చాలు."

మేనేజర్ దగ్గరికెళ్తే ఆవిడ ఎటూ తేల్చలేదు. ఆయన్ని నొప్పించొద్దు, ఆడేవాళ్ళనీ నొప్పించొద్దు, మీ రిపోర్టులో ఏది రాస్తే అదే చేద్దాం అంది. అంటే తిట్లు నాకు.

మా పనిలో ఒక నియమం ఉంది. వింతగా కనబడింది తప్పో కాదో తేలకపోతే, చేసినవాళ్ళని అడగాలి. కావాలనే చేశామంటే ఒప్పు, కాదంటే తప్పు. ఈ నియమంతో చాలామంది నోళ్ళు మూయించాను. ఇప్పుడది నా మెడకే చుట్టుకుంది, ఎందుకంటే ఆ వంతెన నాది.

మా ఇంట్లో ఆట ఆడించే మీటల కంట్రోలర్ ఒక్కటే, అది అన్నయ్యది. నేను పక్కన కూర్చుని చూడాలి, అదీ నోరెత్తకుండా. వంతెన వచ్చినప్పుడు మాత్రం వాడు కంట్రోలర్ నా ఒళ్ళో పడేసి మంచినీళ్ళకి లేచేవాడు. ఎక్కడ అయిపోతుందోనని ఒక్కో అడుగూ ఆగి ఆగి వేసేదాన్ని. ఊరు రాగానే లాక్కునేవాడు. వాడు ఆ గేమ్ ఎన్నిసార్లు మొదలుపెడితే నాకు అన్ని వంతెనలు.

బాధేసింది. బాధ రాయడానికి మా రిపోర్టులో చోటుండదు. అన్నయ్యకి ఫోన్ చేశాను. వాడు వేరే ఊళ్ళో బస్సులు రిపేరు చేస్తాడు. మేం మాట్లాడుకోవడం తక్కువ. గొడవలేం లేవు, మాటలు అయిపోయాయంతే.

"వంతెన గుర్తుందా?"

"ఏ వంతెన?"

"గేమ్‌లో, అక్క పోయాక వచ్చేది. అక్కడ నన్ను ఆడనిచ్చేవాడివి కదా."

"ఓ, అదా! అక్కడ నువ్వు చావవు కదే. ఇంకెక్కడిచ్చినా ఆట ముంచేసేదానివి."

"అంతేనా?"

"ఇంకేం? ఏంటి వంకలమ్మా, ఇప్పుడు దానికేం వంక పెట్టావు?"

"తీసేస్తున్నారు."

అటునుంచి ఇనప సామాన్లు సర్దుతున్న చప్పుడు వినబడింది. తర్వాత, "సర్లే, పనుంది, ఉంటాను," అని పెట్టేశాడు.

మర్నాడు రిపోర్టులో 'తప్పు' అని రాశాను. పెద్దాయనకి అది మిషన్ ఆలస్యం, అన్నయ్యకి నేను చావని చోటు. వాళ్ళిద్దరికీ లేని పట్టింపు నాకొక్కదానికే ఎందుకని ఉక్రోషం వచ్చింది, ఆ ఉక్రోషంతోనే రాశాను. మా ప్రోగ్రామర్ సాయంత్రానికల్లా వంతెనని నాలుగడుగులకి కుదించి ఇచ్చాడు.

పెద్దాయన పెళ్ళికొచ్చినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, కంట్రోలర్ తనే తీసుకున్నారు. కోట కూలింది. అక్క తలుపు మూసేసింది. వీరుడు నాలుగడుగులు వేశాడు. వెంటనే ఊరు, గంతులేసే పాట. ఊరి మొదట్లో కొట్టువాడు ఎప్పటిలాగే చేతులూపుతూ, "రండి బాబూ రండి! కత్తులు, డాళ్ళు, కొత్త సరుకు!" అన్నాడు.

పెద్దాయన బొటనవేళ్ళు ఆగిపోయాయి.

"ఇదేంటి?"

"ఊరు సార్."

"అది కాదమ్మా. ఇప్పుడే కదా అక్క పోయింది. వీణ్ణి అప్పుడే బేరానికి దింపేశామా?"

ఆయన వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆడారు. అక్క తలుపు మూసేసింది. రండి బాబూ రండి. ఈసారి కొట్టువాడి మాట పూర్తికాకుండానే ఆపేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

"కోట ఒకళ్ళు చేశారు, ఊరు ఒకళ్ళు చేశారు," అన్నారు చివరికి. "మధ్యలో నేను, ఊరు ఎప్పుడొస్తుందా అని డిస్కునే చూస్తూ కూర్చున్నాను. ఈ కుర్రాణ్ణి చూడలేదు."

"ఇప్పుడేం చేద్దాం సార్?"

"వంతెన మళ్ళీ పెట్టెయ్యి. ఒక్కడుగు కూడా తగ్గించొద్దు."

"కారణం రాయాలి. తప్పని మీరే అన్నారు."

"వీడికి కాస్త టైం కావాలని రాయి. ఈసారి కావాలనే అడుగుతున్నాను."

అలాగే రాశాను. ఇన్నేళ్ళలో నా రిపోర్టు నేనే కొట్టేసుకుంటూ సంతోషపడింది అప్పుడే.

పెట్టె అమ్మకానికి వెళ్ళింది. బాగానే పోయింది. అక్షరాలు ఇంకా చిన్నగానే ఉన్నాయని తిట్టారు. ఓ ఆదివారం మధ్యాహ్నం భోంచేస్తుంటే అన్నయ్య ఫోన్ చేశాడు. తనంతట తను చేసే రకం కాదు, ఎవరికేమైందోనని గాభరాపడ్డాను.

"నీ పెట్టె కొన్నాను," అన్నాడు.

"నన్నడిగితే ఊరికే ఇప్పించేదాన్ని కదా అన్నయ్యా."

"సర్లే. వంతెన తీసేస్తున్నారన్నావు, ఉందే!"

"ఉంది. మళ్ళీ పెట్టించాం."

"అక్క పోయింది. వంతెన మొదట్లో ఆపి పెట్టాను."

"నడువు మరి. అక్కడ ఎవరూ చావరులే."

"నేనెందుకు నడుస్తానే? అది నీది కదా. ఎప్పుడొస్తావు?"

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఏడుపొచ్చేసింది, వాడికి వినబడే ఉంటుంది.

"వస్తున్నా," అన్నాను. "నువ్వెళ్ళి మంచినీళ్ళు తాగు."