పదకొండో రోజు తూకం

“ఈ ముప్పై రోజుల్లో మిమ్మల్ని ఆశ్చర్యపరిచిన తూకం ఒక్కటైనా ఉందా?”

సైన్సు పోటీలో న్యాయనిర్ణేతల బల్ల మధ్యలో కూర్చున్న ఆవిడ అడిగిన ఈ ప్రశ్నకు వేదిక మీది ముగ్గురు పిల్లలూ, మెడలో జట్టు బ్యాడ్జీలు వేలాడుతుండగా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి జట్టు నాయకుడు, అన్నీ అనుకున్నట్టే వచ్చాయి మేడమ్ అని వినయంగా చెప్పాడు. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. జట్టుకిచ్చిన ఎనిమిది నిమిషాలూ అయిపోయినట్టు గంట మోగింది.

జవాబు తెలిసిన పిల్ల ప్రేక్షకుల మూడో వరుసలో చెయ్యెత్తి నిలబడే ఉంది. బ్యాడ్జీ లేనివాళ్ళు మాట్లాడకూడదని నిర్వాహకులు కూర్చోబెట్టారు. ఆ పిల్ల పక్కన కూర్చున్నది వాళ్ళమ్మకు అక్క, అదే బడి ల్యాబులో ఇరవయ్యారేళ్ళుగా గాజు సామాను కడిగి, బల్లలు తుడిచి, తాళాలు వేసే అటెండరు. పెద్దమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఆ జవాబులో ఆవిడకూ వాటా ఉంది.

జట్టు ఎంచుకున్న విషయం ధూళి. ల్యాబులో, వసారాలో, రోడ్డువైపు కిటికీలో ఒక్కో గాజు పలక పెట్టి, ఇరవైనాలుగు గంటల తర్వాత దాని మీద ఎంత దుమ్ము పేరుకుందో మిల్లీగ్రాముల్లో తూచడం. మొదట్లో నలుగురు పిల్లలు. రోజూ వచ్చింది మాత్రం ఈ పిల్ల ఒక్కతే. పదకొండో రోజు ల్యాబు పలక మీద దుమ్ము నాలుగింతలు తూగింది. ఇంకెవరైనా అయితే త్రాసును తిట్టి ఊరుకునేవారు. పిల్ల మాత్రం పలక పట్టుకుని పెద్దమ్మ దగ్గరకు వచ్చి, నిన్న ఇక్కడ ఏం చేశావని అడిగింది. ఫ్యాను రెక్కలు దులిపానంది పెద్దమ్మ. అయితే వారం తర్వాత మళ్ళీ దులపమంది. మళ్ళీ నాలుగింతలు. ఆ పై వారం తడిగుడ్డతో తుడిపించింది. తూకం మామూలుగానే వచ్చింది. గదిలో దుమ్మంతా రోడ్డు నుంచే వస్తుందని అందరూ అనుకున్నదాంట్లో సగం తప్పని తేలింది. ఇదంతా తన రఫ్ నోట్సులో తేదీలతో సహా రాసుకుంది.

ఆ పిల్లకు నత్తి. ఫోన్లో వీడియో ఆగి ఆగి ఆడినట్టుందని జట్టు నాయకుడు ‘బఫరింగ్’ అని పేరు పెడితే క్లాసంతా నవ్వింది. సైన్సు మాస్టారు మందలించడానికి నోరు తెరిచి, తనూ నవ్వేశాడు. ఆయన దుర్మార్గుడు కాడు. నియమాల కాగితం చదివి, జట్టుకు ముగ్గురే, సమయం ఎనిమిది నిమిషాలే అని లెక్క చూసుకుని, నాలుగో పేరు కొట్టేశాడు. తర్వాత తూకాలను ఫెయిర్ రికార్డులోకి ఎక్కిస్తూ, పదకొండో రోజు దగ్గర ఆగి, ఎగుడుదిగుడుగా బాగుండదని పదో రోజుకూ పన్నెండో రోజుకూ సగటు కట్టి ఆ అంకె వేశాడు. పద్దెనిమిదో రోజుకూ అదే వైద్యం. గీత నున్నగా వచ్చింది. ఆ బడిలో సైన్సంటే చక్కని దస్తూరి.

అంత జరిగినా జట్టుకు రెండో స్థానం వచ్చింది, పై పోటీకి పిలుపు వచ్చింది. దానితో పాటు, ఈసారి రోజువారీ తూకాలు రాసిన అసలు పుస్తకం తప్పక తేవాలని ఆ ప్రశ్న అడిగినావిడ సంతకంతో ఒక సూచన వచ్చింది.

సోమవారం మాస్టారు ల్యాబుకు వచ్చాడు. పిల్ల బల్ల దగ్గరే ఉంది, నోట్సు ముందు పెట్టుకుని.

“అటెండరమ్మా, ఆ నోట్సు ఇటు ఇప్పించండి.”

“పుస్తకం ఒక్కటే వెళ్తుందా మాస్టారూ, రాసిన పిల్ల కూడా వెళ్తుందా?”

మాస్టారు ఓపిగ్గా నియమాలన్నీ మళ్ళీ వల్లించాడు. పిల్ల మంచికే చెబుతున్నానని, అంతమందిలో నవ్వులపాలు కాకూడదనే తన తాపత్రయమని అన్నాడు.

“మొన్న వేదిక మీద నవ్వులపాలైంది ఎవరు సార్?” అంది పెద్దమ్మ, పరీక్షనాళికలు తుడుస్తూనే.

ఆయన ఆవిణ్ణి వదిలేసి పిల్లవైపు తిరిగాడు. “నువ్వు చెప్పమ్మా. జట్టు కోసమేగా, ఇచ్చేస్తావుగా?”

పిల్ల నోరు తెరిచింది. మాట మొదటి అక్షరం దగ్గరే ఆగింది. మెడ నరాలు బిగిశాయి. మాస్టారు చేతి గడియారం చూసుకున్నాడు.

“సరే అంటోంది,” అంటూ పుస్తకం మీద చెయ్యి వేశాడు.

పెద్దమ్మ తడి చెయ్యి తీసుకెళ్ళి ఆ పుస్తకం మీదే పెట్టింది. “అది ఇంకా ఏమీ అనలేదు.”

పిల్ల మళ్ళీ మొదటి అక్షరం అందుకుంది. అర నిమిషం పట్టిందేమో, అంతకన్నా ఎక్కువ పట్టలేదు.

“ప... పదకొండో రోజు సంగతి నే... నేనే చెప్తా సార్.”

మాస్టారు చెయ్యి తీసేశాడు. పేర్లు సాయంత్రంలోగా పంపాలని, చూద్దామని అన్నాడు. చూద్దాం అన్న మాటకు ఆ బడిలో అర్థమేమిటో ఇరవయ్యారేళ్ళ సర్వీసున్న మనిషికి ఒకరు చెప్పనక్కర్లేదు. పిల్ల పుస్తకం సంచిలో పెట్టుకుని క్లాసుకు వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆఫీసు కవర్లు అతికించే పని కూడా పెద్దమ్మదే. పై పోటీ దరఖాస్తులో పాత మూడు పేర్లే ఉన్నాయి. ‘అసలు పుస్తకం’ అన్న గడిలో, చక్కని దస్తూరిలో, ‘పోయినది’ అని రాసి ఉంది.

ఆవిడ కవరు అతికించలేదు. ప్రధానోపాధ్యాయుడి బల్ల మీద తెరిచే పెట్టి, పుస్తకం పోలేదని, పిల్ల సంచిలో ఉందని, పిలిపించి చూడమని చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. టపా వేళ దాటిపోతోందమ్మా, అన్నాడు. ఆవిడ కళ్ళముందే కవరు తనే అతికించాడు.

ఇది చదువుతున్న మీరు పాఠాలు చెప్పేవారు కావచ్చు, పోటీల్లో మార్కులు వేసేవారు కావచ్చు, గెలిచిన జట్టులో ఒకరి తల్లో తండ్రో కావచ్చు. రేపు మీ బడికి వెళ్ళండి. జట్టు జాబితాలోంచి కొట్టేసిన పేరు ఎవరిదో కనుక్కోండి. ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, ఏం కనిపెట్టావని అడగండి. అడిగాక, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వినండి.