పిడికిలి తెరిచేదాకా

ఎడమ చేతి గ్లౌజు ముందు తొడుక్కున్నాడు, తర్వాత కుడిది. పసుపు రంగు గ్లౌజులు. పైనుంచి చూసేవాడికి మనిషి కంటికి ఆనకపోయినా ఆ రెండు పసుపు చుక్కలు ఆనాలి. వేళ్లు ఒక్కొక్కటే విరిచి, ముడిచి, మణికట్టు గుండ్రంగా తిప్పి చూసుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా రోజూ చేసే పనే. ఈరోజు మాత్రం వేళ్లు ఒకచోట నిలవడం లేదు. పరీక్షకు వెళ్లే పిల్లాడిలా తెల్లారకముందే తయారై, అందరికంటే ముందు వచ్చి, టీ కూడా నిలబడే తాగాడు.

అతన్ని అందరూ సైగలాయన అంటారు. క్రేను కింద నిలబడి, ఏడంతస్తుల ఎత్తున గాజుగదిలో కూర్చున్న డ్రైవరుకు చేతులతో దారి చూపడం అతని పని. చూపుడువేలు పైకి పెట్టి తిప్పితే లేపు. కిందికి పెట్టి తిప్పితే దించు. చెయ్యి ఎటు చాపితే అటు తిప్పు. అరచేతి మీద అరచెయ్యి పెడితే మెల్లగా. పిడికిలి బిగించి ఎత్తితే ఆగు. ఆ పిడికిలి తెరిచేదాకా బరువు ఎక్కడున్నది అక్కడే ఉండాలి, భూమి బద్దలైనా సరే. భాషంతా ఇంతే. ఈ భాషతో వాళ్లిద్దరూ నాలుగు వంతెనలూ, ఒక ఆసుపత్రీ, లెక్కలేనన్ని మేడలూ లేపారు. ఒక్క కూలీకి గోరు ఊడలేదు.

పైనుండే డ్రైవరు అతనికి బావ. భార్యకు సొంత అన్న. పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

కారణం చిన్నదేం కాదు. ఓ సాయంత్రం అతని భార్య వంటింటి తలుపుకు ఆనుకుని, గుండె మీద అరచెయ్యి పెట్టి అతని వైపు చూసింది. అతను బూట్లు విప్పుకుంటూ తలెత్తి చూశాడు. అలసిపోయిందనుకున్నాడు. "కాసేపు పడుకోరాదూ" అన్నాడు. పడుకుంది. మళ్లీ లేవలేదు. మర్నాడు బావ నలుగురిలో అడిగాడు.

"అంత కింద నీ చిటికెనవేలు కదిలితే నేను పైనుంచి చదువుతున్నాను కదరా. మూడడుగుల్లో ఉన్న నా చెల్లెలి చెయ్యి నువ్వు చదవలేకపోయావా?"

"నేను చూడనే లేదు" అన్నాడతను.

అది అబద్ధమని బావకు తెలుసు. అంత దూరం నుంచి మనిషిని చదివేవాడికి ముఖం చదవడం ఎంతసేపు? ఆ మాటతో బావ నోరు కట్టేసుకున్నాడు. పనిలో మాత్రం ఏ తేడా రాలేదు. లేపమంటే లేపాడు, దించమంటే దించాడు. మధ్యాహ్నం డబ్బా విప్పేటప్పుడు వీపు తిప్పి కూర్చున్నాడు. పదకొండేళ్లూ అంతే.

ఈరోజుతో బావ ఉద్యోగం అయిపోతుంది. సాయంత్రం కూతురు కారులో వచ్చి తన ఊరికి తీసుకుపోతుంది. ఇక ఆ మనిషి కంటపడడు. సైగలాయన వేళ్లు నిలవకపోవడానికి అది సగం కారణం. మిగతా సగం, కంపెనీ ఈరోజే రేడియో సెట్లు తెప్పించింది. ఇకనుంచి చేతులతో కాదు, నోటితో చెప్పాలట. అంటే బావతో మాట్లాడక తప్పదు, బావ వినక తప్పదు. అతను ఒక్క వాక్యం కూడబెట్టుకుని వచ్చాడు. 'బావా, ఆ రోజు నేను చూశాను.' అద్దం ముందు నాలుగుసార్లు అని చూసుకున్నాడు కూడా. పని అయ్యాక, బావ దిగకముందు, ఆ ముక్క ఆయన చెవిన పడాలి. క్షమించమని అడగడానికి అతనికి ముఖం లేదు. నిజం చెప్పడానికైనా ఉంటే చాలు.

ఇంజనీరమ్మ సెట్టు అతని చేతిలో పెట్టింది. అతనికి కూతురయ్యేంత వయసుంటుంది.

"బటన్ నొక్కండి, మాట్లాడండి, వదలండి. అంతే బాబాయ్. ఇంక ట్రాఫిక్ పోలీసులా ఊగాల్సిన పనిలేదు."

"ఆయన దగ్గరా ఒకటుందా అమ్మా?"

"పొద్దున్నే ఇచ్చా. సంచిలో పడేసుకుని ఎక్కేశారు. ఒక్క మాట పలకరేంటి ఆయన?"

బరువుకు కొక్కేలు తగిలించే హుక్కు మేస్త్రీ పక్కనుంచి అందుకున్నాడు. "ఆయన కూతలన్నీ హారన్‌తోనే అమ్మా. బావాబావమరుదుల కాపురం చూడాలంటే మెడ నొప్పెడుతుంది, ఒకరు పైనా ఒకరు కిందా!"

అందరూ నవ్వారు. సైగలాయన కూడా నవ్వాడు. ఈరోజు ఎవరేమన్నా నవ్వొస్తోంది.

సెట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు. 'బావా' అనబోతే గొంతులోంచి "హలో" వచ్చింది. పదకొండేళ్ల తర్వాత మొదటి మాట 'హలో'! తనను తానే తిట్టుకుని, "వినబడితే హారన్ కొట్టు" అన్నాడు. ఎడమ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. పైన హారన్ మోగింది. అతను చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగాడు.

"విన్నాడు! చూశారా, విన్నాడు!"

"వినకేం చేస్తారు బాబాయ్, అది అందుకే కదా" అంది ఇంజనీరమ్మ.

ఫ్యాక్టరీలో ఈరోజు ఎత్తాల్సింది తొమ్మిది టన్నుల బాయిలరు. షెడ్డు కప్పు తీసేసి పైనుంచి లోపలికి దించాలి. గోడకూ బాయిలరుకూ మధ్య జానెడు సందు. లోపల నలుగురు, కింద బిగించిన బోల్టుల మీదికి బాయిలరు కాళ్లను సరిగ్గా కూర్చోబెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. ఫ్యాక్టరీ మొత్తం పని మానేసి చూడ్డానికి వచ్చింది. కొందరు పక్క మేడ మెట్ల మీద ఎక్కి కూర్చున్నారు.

సైగలాయన బటన్ నొక్కి, "లేపు" అన్నాడు. గొంతు ఖంగుమంది. చూపుడువేలు తిప్పాడు కూడా, అలవాటు చచ్చిపోతుందా! తీగలు బిగిసి కిర్రుమన్నాయి. బాయిలరు నేల వదిలింది. జనం హోరెత్తారు. అతను రెట్టించిన హుషారుతో కుడి చేత్తో సెట్టు ఎత్తి పట్టుకుని, "లేపు, ఇంకా లేపు!" అన్నాడు.

బాయిలరు టక్కున ఆగిపోయింది. తొమ్మిది టన్నులు గాల్లో ఉయ్యాలలా ఊగాయి.

"ఏమైంది? ఎందుకాపారు?" ఇంజనీరమ్మ అరిచింది.

"తెలీదమ్మా. లేపమనే కదా అన్నా." సెట్టు దించి చంకలో ఇరికించి, ఖాళీ చేతి చూపుడువేలు తిప్పాడు. బాయిలరు కదిలింది. హమ్మయ్య అనుకుని మళ్లీ సెట్టు ఎత్తి "అదీ, అలాగే!" అన్నాడు. మళ్లీ ఆగిపోయింది.

హుక్కు మేస్త్రీ పొట్ట పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. "మామా! నీ చెయ్యి చూసుకో! నోటితో లేపమంటావు, చేత్తో ఆగమంటావు. ఆయన్నేం చేయమంటావయ్యా!"

అతను చేతివైపు చూసుకున్నాడు. సెట్టు చుట్టూ బిగిసిన పసుపు పిడికిలి, తలకంటే ఎత్తున. మెట్ల మీది జనం కూడా పడీ పడీ నవ్వుతున్నారు. సైగలాయన చెవులు ఎర్రబడ్డాయి, కానీ లోపల ఎక్కడో గర్వంగా ఉంది. చెవిలో మాట పడుతున్నా బావ తన చేతినే నమ్మాడు!

ఇంజనీరమ్మ వాదించలేదు. సెట్టు లాక్కుని అతని మెడలో వేలాడదీసింది. "మీ పద్ధతిలోనే కానివ్వండి బాబాయ్. లోపల మనుషులున్నారు."

ఆ తర్వాత అరగంట ఫ్యాక్టరీలో చీమ చిటుక్కుమంటే ఒట్టు. అతని చూపుడువేలు తిరిగింది, చెయ్యి చాచుకుంది, అరచెయ్యి అరచేతి మీద వాలింది. అంత లావు ఇనుము ఆ వేలికి కట్టేసినట్టు వెళ్లింది. గోడ పక్కనుంచి జారింది, రాసుకోలేదు. చిటికెనవేలు ఒక్కసారి కదిపాడు, బాయిలరు వేలెడు పక్కకు జరిగింది. లోపలినుంచి "కూర్చుంది!" అని కేక. ఈలలు, చప్పట్లు. ఎవరో అతన్ని భుజాలకెత్తుకోబోతే తప్పించుకున్నాడు. అతని పని ఇంకా అవలేదు.

కొక్కేలు విప్పారు. ఖాళీ హుక్కు పైకి పోయింది. సైగలాయన మెడలోని సెట్టు అందుకుని బటన్ నొక్కాడు.

"బావా. ఆ రోజు నేను చూశాను."

ఇంజనీరమ్మ చేతిలోని మూడో సెట్టులోంచి ఆ మాటే గరగరమంటూ బయటికొచ్చింది. ఆ పిల్లకేమీ అర్థం కాకపోయినా ముఖం తిప్పుకుని కాగితాలు సర్దుకుంది. విషయం తెలిసిన హుక్కు మేస్త్రీ నవ్వడం మానేశాడు.

 కిటికీలో బావ కిందికే చూస్తున్నాడు.

"చూశాను బావా. చూడలేదని అబద్ధమాడాను."

జవాబు లేదు. సైగలాయన సెట్టు వదిలేశాడు. చేతులు రెండూ పైకెత్తాడు, చేతులతోనే చెబుదామని. లేపు, దించు, తిప్పు, ఆగు. ఇరవై రెండేళ్లలో వాళ్లు కూర్చుకున్న భాషలో తప్పుకు సైగ లేదు. కుడి అరచెయ్యి దానంతటదే వచ్చి గుండె మీద ఆనింది. ఆమె పెట్టినట్టే. అలాగే పట్టుకుని పైకి చూశాడు.

కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. డ్రైవరు కిందికి సైగ చేయడం ఉండదు. ఎన్నడూ లేదు. ఆ చెయ్యి ఒక్క క్షణం తెరిచి ఉంది. తర్వాత పిడికిలి బిగిసింది. ఆగు.

అతను ఆగాడు. కాలు కదపలేదు, గుండె మీద చెయ్యి తీయలేదు. బిగించిన పిడికిలి బిగించినట్టే లోపలికి వెళ్లిపోయింది, తెరుచుకోలేదు. తెరిచేదాకా కదలకూడదు. పెట్టిన నియమం తనదే. చుట్టూ జనం చెదిరిపోయారు. నిచ్చెన మీంచి అడుగుల చప్పుడు దిగి అతన్ని దాటి పోయింది. షెడ్డు నీడ అతని బూట్ల దాకా వచ్చింది. వెనక గేటు వైపు ఒక కారు తలుపు పడింది. కారు వెళ్లిపోయింది.

"ఏంటి బాబాయ్ అలా నిలబడిపోయారు? ఆయన దిగి వెళ్లిపోయారుగా" అంది ఇంజనీరమ్మ. "పైనున్న సెట్టు ఎవరైనా తెచ్చిపెడితే బావుణ్ణు."

"నేను తెస్తానమ్మా."

ఇరవై రెండేళ్లలో అతను ఆ నిచ్చెన ఎక్కలేదు. ఎక్కి, గాజుగదిలోకి వంగి చూశాడు. సెట్టు సీటు పక్కన అట్టపెట్టెలోనే ఉంది. పైన అతికించిన టేపు కూడా తీయలేదు. పొద్దున మోగిన హారన్ మాటకు కాదు, రోజూలాగే లేచిన ఎడమ చేతికి. తను అన్నదేదీ ఈ గదిలోకి రాలేదు. వచ్చింది గుండె మీది చెయ్యి ఒక్కటే. దానికి జవాబూ వచ్చింది.

సీట్లో కూర్చున్నాడు. చుట్టూ అద్దాల మీద ఏళ్ల నాటి దుమ్ము, సిమెంటు మరకలు. ముందరి అద్దంలో కింద మాత్రం అరచేతి మేర శుభ్రంగా ఉంది. అందులోంచి చూస్తే ఫ్యాక్టరీ కనబడలేదు, మేడలు కనబడలేదు. రోజూ తను నిలబడే జాగా ఒక్కటే కనబడింది, ఇప్పుడు ఖాళీగా. అద్దం కింది మేకుకు తుడిచిన గుడ్డ వేలాడుతోంది, ఇంకా తడిగానే ఉంది.