గంగాప్రసాద్ పళ్లు

బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయంటే కోరుట్లలో శారద కుట్టుమిషను ఆగేది కాదు. పొద్దున్నే అత్తమ్మ కొమురవ్వకు చాయ్ ఇచ్చి, ఇంటి ముందు గదిలోని దుకాణం తెరిచి కూర్చుంటే, చొక్కాలూ గౌన్లూ చీకటిపడేదాకా కుప్పలు పడుతూనే ఉండేవి. బట్ట సిరిసిల్ల నుంచి వచ్చేది. అక్కడ మరమగ్గాలు నడిపే ఆనందం అనే అతను స్వయంగా ట్రాలీ ఆటోలో బట్ట తాన్లు వేసుకొచ్చి, ఒక్కొక్కటే భుజాన మోసి లోపల పెట్టి, మంచినీళ్లు తాగి వెళ్లేవాడు. అతని భార్య పోయి చాలా ఏళ్లయింది. ఆ ఎండాకాలం మొదట్లో ఒకసారి గ్లాసు తిరిగి ఇస్తూ, "నీకు ఇష్టమైతే మనువాడుదామని ఉన్నది శారదా" అన్నాడు.

"మా ఆయన ఉన్నడో లేడో తెల్వకుంట నేనేం జెప్పాలె?" అంది శారద.

అతను "సరే" అన్నాడు. ఆ తర్వాత కూడా బట్ట తెస్తూనే ఉన్నాడు గానీ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

శారద భర్త గంగాప్రసాద్ పెళ్లయిన రెండో ఏడే షార్జా వెళ్లాడు. మధ్యలో ఒక్కసారి సెలవు మీద వచ్చి, కోరుట్లలోనే పన్ను నొప్పికి వైద్యం చేయించుకొని, ఒక పన్ను పీకించుకొని, మళ్లీ వెళ్లాడు. కొన్నాళ్లకు ఫోన్లు తగ్గాయి. ఆపైన నంబరే కలవడం మానేసింది. జైల్లో పడ్డాడని షార్జా నుంచి వచ్చిన గొల్లపల్లి మనిషి ఒకడు చెప్పాడు. లారీ గుద్ది పోయాడని బోయినపల్లి మనిషి చెప్పాడు. ఓడెక్కి వేరే దేశం దాటిపోయాడని ఇంకెవరో అన్నారు. శారద మూడింటినీ నమ్మింది, మూడింటికీ ఏడ్చింది. పుస్తెలతాడు మెడలోనే ఉంచుకొని, గంగాప్రసాద్ తల్లిని చూసుకుంటూ, మిషను తొక్కుతూ కూర్చుంది.

సరిగ్గా పనితో ఊపిరాడకుండా ఉన్నప్పుడు ఆమెకు కుడి దవడ చివర పన్ను నొప్పి పట్టుకుంది. లవంగం పెట్టింది, ఉప్పునీళ్లు పుక్కిలించింది. చెంప ఉబ్బాక ఇక ఓర్చుకోలేక డాక్టర్ కృపారాణి దగ్గరికి వెళ్లింది. ఆమె కోరుట్లలో చాలా కాలంగా పళ్ల దవాఖానా నడుపుతున్న మనిషి. అద్దంతో నోరంతా చూసింది.

"జ్ఞానదంతం. అడ్డంగ పడుకున్నట్టున్నది, ఎముక లోపట ఉన్నది. పెదవికి పోయే నరం దాని పక్కకెళ్లే పోతది. మొత్తం దవడ ఎక్స్‌రే లేకుంట నేను దాన్ని ముట్టను శారదమ్మా. జగిత్యాల పోయి తీయించుకొని రా."

జగిత్యాలలో ఆ ఎక్స్‌రే తీసేది సృజన అనే అమ్మాయి. గది తలుపు మీద ఒక బోర్డు ఉంది: 'కమ్మలు, ముక్కుపుల్ల, మెడలోని గొలుసులు తీయవలెను. కదలరాదు. దూరదేశమున ఉన్నవారిని తలచుకొనరాదు.' ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ప్రాంతం కాబట్టి ఆ చివరి మాట కింద ఎర్ర గీత కూడా గీసి పెట్టారు.

శారద కమ్మలు తీసింది. పుస్తెలతాడు తీసి సృజన చేతిలో పెట్టింది. గడ్డం ఆనించి, ముందు పళ్లతో చిన్న పుల్లను కరిచి, కళ్లు మూసుకొని నిలబడింది. మిషను చెయ్యి మెల్లగా తల చుట్టూ తిరిగింది.

కంప్యూటర్ తెర మీద బొమ్మ వచ్చింది. రెండు దవడలూ పరిచినట్టు, ఎవరో పెద్దగా పళ్లికిలించి నవ్వుతున్నట్టు ఉంది. సృజన దాన్ని చూసి తల పక్కకు వంచింది.

"అక్కా, మీ ఇంటాయన బయట ఉన్నడా?"

"షార్జా పోయిండు. ఎందుకు బిడ్డా?"

"గిది నీ దవడ కాదు, మొగ మనిషిది. నిలవడ్డప్పుడు ఆయనను యాదిచేసుకున్నవా?"

"నువ్వే గదా తాడు తియ్యమంటివి. తీస్తాంటె యాదికొచ్చిండు."

"అందరికి గట్లనే అయితది. మళ్ల తీస్త. ఈసారి ఏదన్న పని మీద మనసు పెట్టు."

శారద గౌన్ల కొలతలు తలుచుకుంది, కాజాలు తలుచుకుంది, తెగిన దారం తలుచుకుంది. మళ్లీ అవే పళ్లు వచ్చాయి. సృజన విసుక్కోలేదు. ఇవాళ్టికి ఇది తీసుకుపో, ఇంకోరోజు రా అంటూ ఫిల్ము చేతికిచ్చింది. శారద కదల్లేదు.

"బిడ్డా, ఒక్క మాట. పోయినోళ్లయి గూడ ఇట్ల వస్తయా?"

"రావక్కా. పోయినోళ్ల కోసం నిలవడ్డోళ్లు మస్తుమంది ఉన్నరు, పాపం. ఎంత తలుసుకున్నా నిలవడ్డోళ్ల పళ్లే వస్తయి. మీ ఆయన బతికే ఉన్నడు."

బస్సులో దారి పొడుగునా శారద ఆ కవరును ఒళ్లో పెట్టుకొని రెండు చేతులతో పట్టుకుంది. చెంప నొప్పి ఉందో లేదో ఆమెకు తెలియలేదు. ఇంటికొచ్చి చెప్పేసరికి కొమురవ్వ గడపలో కూలబడి ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకొని, వాడకట్టులో ప్రతి ఇంటికీ వెళ్లి, "నా కొడుకు ఉన్నడు, శారద ఎక్స్‌రేల వచ్చిండు" అని చెప్పి వచ్చింది. విన్నవాళ్లు సంతోషించారు. ఎవరి ఎక్స్‌రేలో ఎవరు వచ్చారో వాళ్లూ ఒకటి రెండు చెప్పారు.

మర్నాడు కృపారాణి ఆ ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టింది. కింది ఎడమ పన్ను వేరులో నింపిన మందు తాలూకు సన్నటి తెల్ల గీత చూపించింది.

"ఇది నా చేతి పనే. కొస కాడ జరంత వంకర పోయింది, గా వంకర నాకు ఇంకా యాదికున్నది. గంగాప్రసాదే."

శారద చేతులు జోడించింది. కృపారాణి మాత్రం బొమ్మ మీద నుంచి కళ్లు తీయలేదు. పై దవడలో తెల్లగా మెరుస్తున్న ఒక స్క్రూ ఉంది. దాని మీద పన్ను కూర్చుంది.

"నేను పీకిన పన్ను జాగల స్క్రూ బిగించి కొత్త పన్ను పెట్టిన్రు. పని శాన మంచిగున్నది. ఇది ఒక్కనాడు అయ్యేది కాదు, నెలలకొద్ది దవాఖానకు తిరగాలె."

"జైల్ల ఉన్నోళ్లకు గూడ ఇట్ల చేస్తరా మేడం?"

"చెయ్యరు."

"ఏదన్న దెబ్బ తాకి మతి పోయిందేమో."

"దవడ ఎక్కడ విరగలేదు, ఎముక బలంగున్నది." కృపారాణి ముందు పళ్ల మీద వేలు పెట్టింది. "ఆయనకు ముందట పన్ను మీద పన్ను ఉండె గదా?"

"ఉండె."

"ఇప్పుడు లేదు సూడు. అన్ని వరుసగ ఉన్నయి. లోపలికెళ్లి సన్న తీగె అంటించిన్రు, పళ్లు మళ్ల వంకర పోకుంట. అంటే క్లిప్పులు పెట్టించుకున్నడు. ఏడాది మీదనే పడుతది."

శారద బయటికొచ్చి బల్ల మీద కూర్చుంది. పెళ్లయిన కొత్తలో గంగాప్రసాద్ ఆ ఎత్తుపన్ను కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వేవాడు. ఆమె ఆ చెయ్యి తీసేసి, నాకు గదే ఇష్టం అనేది. తర్వాత తర్వాత చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేశాడు. ఇప్పుడు, నలభై దగ్గరపడ్డ వయసులో, ఏడాదికి పైగా నోట్లో తీగలు మోసి దాన్ని సరిచేయించుకున్నాడు. ఎవరికి బాగుండాలని చేయించుకున్నాడో ఎక్స్‌రేలో రాదు. వచ్చినంత వరకు ఆమెకు చాలు.

కృపారాణి బయటికొచ్చి మందుబిళ్లల చీటీ ఇచ్చింది. "ఇవి వాపు తగ్గిస్తయి గాని పన్ను ఆగది. చీము లోపలికి దిగితె ప్రాణం మీదికొస్తది. నీ ఎక్స్‌రే నాకు కావాలె."

రెండోసారి వెళ్లేటప్పుడు కొమురవ్వ కూడా బయలుదేరింది. కొడుకును తెర మీద చూస్తానంది. కోడలు రెండు రోజులుగా ఎందుకు మాట్లాడటం లేదో ఆమెకు అర్థం కాలేదు, పన్ను నొప్పి అనుకుంది. శారద ఈసారి పళ్లు పటపట కొరుకుతూ మిషను ముందు నిలబడింది. వచ్చింది గంగాప్రసాదే.

"నేను తలుసుకోలేదు. తిట్టుకున్న" అంది శారద.

"తిట్టుకున్నా తలుసుకున్నట్టే అక్కా" అంది సృజన.

కొమురవ్వ తెర దగ్గరికి వెళ్లి, కళ్లు చికిలించి, చాలాసేపు చూసింది. "గిది నా కొడుకు నోరు లెక్క లేదు. ఒకసారి నాది తియ్యి" అంది.

"అవ్వా, నీకు పళ్లే లేవు గదా."

"నాకు లేకుంటె ఏమాయె, వానికి ఉంటయి."

బయట వేరే ఎవరూ ఎదురుచూడటం లేదు. సృజన ఆమె గడ్డం ఆనించి నిలబెట్టింది. పుల్ల కరవడానికి పళ్లు లేవు కాబట్టి చిగుళ్ల మధ్య దూది పెట్టింది. మిషను తిరిగింది. తెర మీద చిన్న దవడ వచ్చింది. దాంట్లో పళ్లు రెండు వరుసలు. పైన అరిగిన పాలపళ్లు. వాటి కింద ఎముక లోపల, ఇంకా బయటికి రాని పెద్దపళ్లు మొగ్గల్లా వరుస కట్టి ఉన్నాయి. ముందు ఒక పాలపన్ను లేదు.

"ఆరేడేండ్ల పోరనిది" అంది సృజన.

"వీడే" అంది కొమురవ్వ. "గీ పన్ను చెరుకు కొరికి ఊడగొట్టుకున్నడు. రకతం జూసి నా కొంగు పట్టుకొని పొద్దుందాక ఇడువలే." ఆమె తెర మీద వేలు పెట్టి ఆ ఖాళీని తడిమింది.

తిరుగు బస్సులో ఆమె ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూస్తూ కూర్చుంది. కొంతసేపటికి, "మేడం ఏమన్నదే?" అని అడిగింది. శారద దాచలేదు. స్క్రూ సంగతి, క్లిప్పుల సంగతి, లోపల అంటించిన తీగ సంగతి చెప్పింది. ఎత్తుపన్ను లేదని కూడా చెప్పింది. కోరుట్లలో దిగేముందు కొమురవ్వ ఫిల్మును కవర్లో పెట్టి, "నా పోరడు నా దగ్గరనే ఉన్నడు. నీ దాంట్ల వచ్చినోడు ఎవడో నాకు తెల్వదు" అంది.

తెల్లారేసరికి శారదకు జ్వరం వచ్చింది, చెంప గట్టిపడింది. కొడుకుతో ముడి తెగితే గాని కోడలి పళ్లు తెర మీదికి రావని కొమురవ్వ ఇక ఆగలేదు. ఇంటి పక్కనే ఉన్న భూమన్నను, ఇంకో ఇద్దరు కులపెద్దలను పిలిపించి అరుగు మీద కూర్చోబెట్టింది.

"నా కొడుకు బతికే ఉన్నడు, మంచిగనే ఉన్నడు. వచ్చేటోడైతే ఎన్నడో వచ్చేటోడు. వాని తరఫున నేను ఈ పిల్లకు ఇడుపు ఇస్తున్న. కోర్టు పని ఎనుక జేసుకుంటం. ముందుగాల మీరు ఇనుండ్రి."

భూమన్న గడ్డం గీరుకున్నాడు. "మొగుడు లేకుంట తల్లి ఎట్ల ఇడుపు ఇస్తదే కొమురక్కా?"

"మొగుడు లేకుంటనే గదా అది ఇన్నేండ్లు కాపురం జేసింది. గట్లనే ఇస్తరు."

భూమన్న మిగతా ఇద్దరి వైపు చూసి తలూపాడు. శారద లోపలి నుంచి వచ్చి, పుస్తెలతాడు తీసి అత్తమ్మ చేతిలో పెట్టి, అక్కడే గోడకు ఆనుకొని కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. దవడ మాత్రం సలుపుతోంది.

ఆ మధ్యాహ్నమే ఆటోలో జగిత్యాల వెళ్లారు. జ్వరంతో శారద కాళ్లు వణుకుతుంటే సృజన వెనక నుంచి భుజాలు సర్ది నిలబెట్టింది. మిషను తిరిగి ఆగింది.

"ఇగో అక్కా, ఇది నువ్వే."

శారద తెర వైపు చూసింది. చిన్న చిన్న పళ్లు, సన్నటి దవడ. కుడివైపు చివర ఒక పన్ను నిలబడాల్సింది పోయి అడ్డంగా పడుకొని, పక్క పన్నును నెడుతోంది. దాని కింద నరం దారి సన్నగా నల్లగా కనబడుతోంది. తన పళ్లను తాను ఇలా లోపలిదాకా చూడటం అదే మొదలు.

"ఈసారి ఏం తలుసుకున్నవు?" అని అడిగింది సృజన.

"పన్ను గుంజుతాంది. ఇంకేం తలుసుకుంట?" అంది శారద.

రెండు రోజులు మందులు వాడి జ్వరం దిగాక కృపారాణి ఆ బొమ్మను ఎదురుగా పెట్టుకొని పన్నును ముక్కలు చేసి తీసింది, కుట్లు వేసింది. నరానికి ఏమీ కాలేదు. దూది కరిచిపెట్టి, గంటసేపు మాట్లాడొద్దని చెప్పి పంపింది.

ఇంటికి వచ్చేసరికి ఆనందం ట్రాలీ వాకిట్లో ఉంది. అతను భుజం మీది బట్ట తానును దించకుండానే శారద ఉబ్బిన ముఖాన్నీ, బోసి మెడనూ చూసి ఆగిపోయాడు. కొమురవ్వ అరుగు మీద కూర్చుంటూ జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పింది.

"గంట దాక అది నోరు తెరవద్దట. నువ్వు అడిగేదేమన్న ఉంటె గిప్పుడే అడుగు. ఎదురు మాట్లాడది."

ఆనందం తానును మెల్లగా దించాడు. శారద వైపు చూసి, మళ్లీ ముసలామె వైపు తిరిగాడు.

"అవ్వా, సిరిసిల్లల పొద్దుమాపు మగ్గాల సప్పుడు ఉంటది. నీకు నిద్ర పడుతదా?"

కొమురవ్వ చెవి తడుముకుంది. "చెవులు సక్కగ ఇనవడయి. పడుతది" అంది.

శారద నవ్వబోయింది. కుట్లు గుంజాయి. దవడ చేత్తో పట్టుకొని, ఆనందం వైపు చూసి, అవునన్నట్టు తలూపింది.