వెళ్ళొస్తానన్న మాట

రోజూ ఉదయం ఏడుకి ఐదు నిమిషాలుండగా నడకమ్మ ఒక చేత్తో రొట్టె ముక్క, ఇంకో చేత్తో బూటు పట్టుకుని కుంటుకుంటూ గుమ్మం దాకా వచ్చేది. బయట వ్యాన్ హారన్ మోగేది. బూటులో కాలు దూర్చి, "వెళ్ళొస్తా పెద్దమ్మా" అని వీధిలో పడేది. ఆమె వెనక తలుపు బార్లా తెరుచుకుని, సాయంత్రం ఆమె తిరిగొచ్చేదాకా అలాగే ఉండేది.

ఆ ఊళ్ళో తలుపులన్నీ అంతే. తిరిగి వస్తానని చెప్పి ఎవరైనా గడప దాటితే, వాళ్ళు వచ్చేదాకా ఆ తలుపు మూసుకోదు. తాడు కట్టినా, బల్ల అడ్డం పెట్టినా లాభం లేదు. అందుకే అక్కడివాళ్ళు బజారుకి వెళ్ళినా, పొరుగూరికి వెళ్ళినా "వెళ్తున్నాను" అని ఊరుకుంటారు. తిరిగొస్తే వస్తారు, దానికి ముందుగా చెప్పడం దేనికి? ఎప్పుడైనా ఒకరు నోరు తెరిచి వస్తానన్నారంటే, ఆ మాట విన్న మనిషి వాళ్ళు వచ్చేదాకా ఇల్లు వదిలి ఊరు దాటకూడదు.

ఈ సంగతి నడకమ్మకి వచ్చిన మొదటి వారంలోనే చెప్పారు. అర్థమైంది కూడా. నాలుక వింటేగా. చిన్నప్పుడు "వెళ్తున్నా" అన్న ప్రతిసారీ వాళ్ళమ్మ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చి, "వెళ్తున్నా ఏమిటే అపశకునంగా, వెళ్ళొస్తా అను" అని దిద్ది పంపేది. ఇరవై ఏళ్ళు దిద్దిన మాట. పరాయి భాష కష్టపడి నేర్చుకుని, ఆ మాటని అందులోకి మార్చుకుని మరీ అనేది.

ఆమె ఆ దేశానికి సేవ చెయ్యడానికి వచ్చింది. జీతం లేదు; ఏడాదిపాటు ఉండడానికి ఒక గది, తిండి, రాకపోకలకి వ్యాన్. పెట్టుడు కాళ్ళు పెట్టించుకున్నవాళ్ళకి నడక నేర్పడం ఆమె పని. రెండు కడ్డీల మధ్య పొద్దస్తమానం తను వెనక్కి నడుస్తూ, ఎదుటివాళ్ళని ముందుకి రమ్మని బతిమాలేది. అందుకే ఊళ్ళో అందరికీ నడకమ్మ అయింది. ఆ నడక నేర్పే సెంటర్‌కి ఉన్నది రోలింగ్ షట్టర్ కాబట్టి అక్కడ ఎన్నిసార్లు వెళ్ళొస్తానన్నా ఇబ్బంది రాలేదు.

గది ఇచ్చిన ఇంటావిడ దర్జీ. ముందుగదిలో కుట్టుమిషన్, చుట్టూ ఊరివాళ్ళ బట్టలు. నడకమ్మ మొదటిరోజే చనువుగా పెద్దమ్మా అని పిలిచింది. అంటే ఏమిటని అడిగితే అమ్మకి అక్క అని చెప్పింది. "మీ అమ్మకంటే నేను పెద్దదాన్నని నీకెవరు చెప్పారు?" అని ఆవిడ రెండ్రోజులు అలిగింది. మూడోరోజు నుంచి ఆ పిలుపు వినపడకపోతే అలిగేది. తలుపు పొద్దుటినుంచి సాయంత్రం దాకా తెరిచి ఉండడం గురించి మాత్రం ఏమీ అనేది కాదు. "నీ పుణ్యమా అని వీధిలో దుమ్మంతా నా ఇంట్లోనే ఉంది" అని చీపురు తీసేది, అంతే.

ఆదివారాలు వాలంటీర్లందరూ ఒకచోట చేరేవాళ్ళు. ఒకరు వండడం, మిగతావాళ్ళు వంకలు పెట్టడం, పేకాట, పాటలు. ప్రతి నెలా ఎవరో ఒకరికి వీడ్కోలు. ఆ రోజు కౌగిలింతలు, కన్నీళ్ళు, ఫొటోలు, మా దేశం వస్తే మా ఇంట్లోనే దిగాలని ఒట్లు. రెండు నెలలు తిరక్కుండా ఎవరి నంబరు ఎవరిదో కూడా తెలిసేది కాదు. నడకమ్మ పోనుపోను ఆ గోల మానేసి, పెద్దమ్మ పక్కన కూర్చుని సూదుల్లో దారం ఎక్కించి పెట్టడం మొదలుపెట్టింది.

ఆదివారం నాలుగింటికి పెద్దమ్మ చెల్లెలికి ఫోన్ చేసేది. ఆ చెల్లెలు పదకొండు గంటల బస్సు ప్రయాణమంత దూరంలో కొండల్లో ఒక్కతే ఉండేది. ఆవిడకి మతిమరుపు మొదలైంది. ముందు టీలో ఉప్పు వేసింది. తర్వాత పొయ్యి ఆర్పడం మర్చిపోయింది. ఆ తర్వాత దుకాణం నుంచి ఇంటికి దారి తెలియక వీధిలో కూర్చుంది.

"నీ ఏడాది అవగానే ఇంటికి తాళం పెట్టి దాని దగ్గరికి వెళ్ళిపోతాను" అంది పెద్దమ్మ ఒకరోజు, కాజాలు కుడుతూ. "నా మొహం గుర్తున్నప్పుడే వెళ్ళాలి. రోజూ ఎదురుగా కనపడుతుంటే ఎలా మర్చిపోతుంది?"

"ఇప్పుడే వెళ్ళండి పెద్దమ్మా. నా తిండి నేను చూసుకుంటాను."

"ఏడాదికి ఒప్పుకున్నాను. ఇంకెంత, మూడు నెలలేగా."

ఆఖరి వారమంతా వ్యాన్ డ్రైవరు దారి పొడుగునా నడకమ్మ చేత వల్లె వేయించాడు. "వెళ్తున్నాను అనండి." "వెళ్తున్నాను." "ఆ రోజు కూడా ఇంతే. ఆవిడ బస్సు టికెట్ కొనుక్కుంది, గుర్తుందిగా." గుర్తుందంది.

ఆ రోజు రానే వచ్చింది. పెద్దమ్మ కొత్త చొక్కా కుట్టి పెట్టెలో పైన పెట్టింది. ఇద్దరూ కాసేపు ముక్కులు చీదారు. హారన్ మోగింది. పెట్టె ఎక్కించడానికి డ్రైవరు గుమ్మం దగ్గరికి వచ్చాడు. నడకమ్మ గడప మీద వెనక్కి తిరిగి, ఆవిడ మొహం చూసి, "వెళ్ళొస్తా పెద్దమ్మా" అంది.

ముగ్గురూ విన్నారు. "వెళ్ళిరా" అంది పెద్దమ్మ.

"లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికి వస్తూ సరిగ్గా చెప్పండి. రెండు నిమిషాలు" అన్నాడు డ్రైవరు.

"విమానం తప్పిపోతుంది, పోనివ్వండి" అంది నడకమ్మ. విమానానికి ఇంకా నాలుగు గంటలుంది. ఆ మొహం చూస్తూ వెళ్తున్నాను అనడం ఆమెకి చేతకాలేదు, నిజం అది. మలుపు తిరిగేటప్పుడు తెరిచి ఉన్న తలుపు అద్దంలో కనపడింది. ఒకటి రెండు రోజుల్లో అదే మూసుకుంటుందిలే అనుకుంది. మూసుకోదని తెలిసీ అనుకుంది.

ఇంటికొచ్చాక ఆస్పత్రిలో ఉద్యోగం, ఇల్లు మారడం, తమ్ముడి పెళ్ళి. పెద్దమ్మ నెలకోసారి ఫోన్ చేసేది. చివర్లో తప్పకుండా ఒకటే అడిగేది, "ఎప్పుడు వస్తున్నావు?"

"వస్తా పెద్దమ్మా, ఈ పెళ్ళి పని కానీ." ఇంకోసారి, "వస్తాగా, రాకుండా ఎక్కడికి పోతాను?" అభిమానం కొద్దీ అడుగుతోందనుకుని అభిమానం కొద్దీ చెప్పిన జవాబులవి. చెల్లెలి సంగతి అడిగితే "అలాగే ఉంది" అనేది ఆవిడ.

పద్నాలుగో నెలలో డ్రైవరు ఫోన్ చేశాడు. "ఆవిడ చెల్లెలు ఫోన్‌లో, మీరెవరండీ అని అడిగిందట. మీకు చెప్పొద్దంది. నేనే ఉండబట్టలేక చెప్తున్నాను."

నడకమ్మ ఆరు రోజులు సెలవు పెట్టి విమానం ఎక్కింది.

తలుపు తెరిచే ఉంది. వానకి తడిసి గడప చెక్క ఉబ్బింది. బట్టలన్నీ దుమ్ముకి భయపడి ట్రంకు పెట్టెల్లోకి వెళ్ళాయి. పెద్దమ్మ శాలువా కప్పుకుని మిషన్ తొక్కుతూ కూర్చుని ఉంది. నడకమ్మ లోపలికి అడుగు పెట్టగానే వెనక తలుపు కిర్రుమని కదిలి మూసుకుంది. పెద్దమ్మ తొక్కడం ఆపి తలెత్తింది.

"వచ్చావా. కూర్చో, టీ పెడతాను."

టీ చేతిలోకి వచ్చాక నడకమ్మ అడిగింది. "నాకు ఒక్కమాట ఎందుకు చెప్పలేదు?"

"వస్తానన్నావుగా. వచ్చే మనిషిని తొందరపెట్టడం బాగుంటుందా?"

"ఊరికే అన్నాను పెద్దమ్మా. మా భాషలో అందరం అలాగే అంటాం." ఈ ఒక్క మాట అనకూడదని దారంతా అనుకుంటూనే వచ్చింది.

"ఊరికేనా" అంది పెద్దమ్మ. అని టీ తాగడం పూర్తిచేసి, గ్లాసు కడిగి బోర్లించి, లోపల్నుంచి సంచీ తెచ్చింది. అది ఎప్పుడో సర్ది పెట్టిన సంచీ.

"మూడింటికి బస్సుంది. నీ గదిలో దుప్పటి ఉతికి వేశాను. నీకు కావలసినన్నాళ్ళు ఉండి, తాళంచెవి డ్రైవరుకి ఇచ్చెయ్యి."

"ఆవిడ మిమ్మల్ని గుర్తుపట్టదుగా."

"నేను గుర్తుపడతాగా. భోజనం వేళకి దాని ఎదురుగా ఎవరో ఒకరు కూర్చోవాలి. ఎవరో ఒకరినే అవుతాను."

నడకమ్మ సంచీ మోసుకుని గుమ్మం దాకా వచ్చింది. తప్పు నాదే అంది. క్షమించమంది. పెద్దమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, చొక్కా కుట్టు ఊడిందేమోనని అలవాటుగా తడిమి చూసింది. ఆ చెయ్యి తియ్యకముందే నడకమ్మ గబగబా అంది, "వెళ్ళొస్తానని అనండి పెద్దమ్మా. తలుపు తెరిచే ఉంచుకుంటాను. ఎన్నాళ్ళైనా ఇక్కడే ఉంటాను."

"అన్నానంటే రావాలి" అంది పెద్దమ్మ.

సంచీ అందుకుని భుజానికి తగిలించుకుంది. "వెళ్తున్నాను" అంది, కోపమూ లేదు, దిగులూ లేదు, బజారుకి బయల్దేరినట్టే అంది. గడప దాటింది. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

బస్సు దాకానైనా తోడు వెళ్ళాలని నడకమ్మ గొళ్ళెం మీద చెయ్యి వేసింది. ఈసారి సరిగ్గా చెప్పి వెళ్దామని వెనక్కి తిరిగింది. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.