మూడు పూటల షరతులు

పెళ్లయి ఇరవై మూడు రోజులు. జహనుమాలోని అత్తింట్లో పూజితకు అన్నీ ముద్దుగానే ఉన్నాయి. దూడ చేతిని నాకితే కలిగే గరగర, బకెట్లో లేచే పాలనురుగు, బండికి క్యాన్లు కడుతూ మొగుడు బాలరాజ్ విసిరే దొంగచూపు, అన్నీ.

ఆ సాయంత్రం అతను ఫోన్ పట్టుకుని ఉరుకుతూ వచ్చాడు.

"పూజితా, పాలవాకిలి యాప్‌ల మన డెయిరీ పేరు ఎక్కుతది! మన అరవై ఇండ్ల నంబర్లు ఎక్కించి, 'అంగీకరిస్తున్నాను' నొక్కుడే. ఇగ కొత్త గిరాకీ వాళ్లే తెస్తరు."

బర్రె పొదుగు కడుగుతున్న అత్త లలితమ్మ తల తిప్పింది. ఆ అరవై ఇళ్లే వాళ్ల బతుకుదెరువు. సగం ఇళ్లకు ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచీ పాలు పోస్తోంది.

"ఆగు రా. మీద గంత పొడుగు రాసిందేంది?"

"షరతులమ్మా. ఎవ్వరు చదువరు."

"బర్రెను కొనేటప్పుడు మూడు పూటలు పిండి చూస్తమా లేదా? ముందటి పూట పిండకుండ ఆపితే ఏ బర్రెయినా బకెట్ నింపుతది. దీన్ని గూడ మూడు పూటలు చూద్దాం. బిడ్డా, నువ్వు చదువు."

పూజితకు సిగ్గేసింది. బీకాం చదివి కూడా ఎన్ని యాప్‌లకు కళ్లు మూసుకుని ఒప్పుకుందో!

గడ్డిమోపు మీద కూర్చుని ముప్పై నాలుగు షరతులూ చదివింది. అన్నీ తీయటి మాటల్లాగే వినిపించాయి.

"మస్తుంది గద!" అన్నాడు బాలరాజ్.

"మొదటి పూట గట్లనే ఉంటది," అంది లలితమ్మ.

మర్నాడు పొద్దున పాలు పిండే వేళ మళ్లీ చదివింది. ఈసారి అత్త ప్రతి షరతు దగ్గరా ఆపింది. "గిది చెయ్యాల్సింది మనమా, వాళ్లా?" చాలావాటికి జవాబు 'మనమే' అని వచ్చింది.

"నువ్విట్ల అడిగితే ఫోన్ ముసలిదైతదమ్మా," గొణిగాడు బాలరాజ్.

"కానియ్ రా, నేను కాలేదా?"

సాయంత్రం మూడో పూట. ముప్పై ఒకటో షరతు దగ్గరికి వచ్చింది పూజిత. "ఒప్పందం ముగిసిన రెండేళ్ల వరకు విక్రేత మా వినియోగదారులకు నేరుగా పాలు అమ్మరాదు."

"వాళ్ల గిరాకీ, వాళ్ల ఇష్టం," అన్నాడు బాలరాజ్.

పాలధార ఆగింది. "బిడ్డా, మొదట్ల 'వినియోగదారులు అంటే' అని ఏందో చదివినవ్. గది మల్ల చదువు."

పూజిత తెరను పైకి జరిపింది. రెండో షరతు. "వినియోగదారులు అంటే మా ద్వారా పాలు తీసుకునేవారు, అలాగే విక్రేత నమోదు చేసిన నంబర్లు గలవారు కూడా."

"అంటే, మనం ఎక్కించే మన అరవై ఇండ్లు?" అడిగింది లలితమ్మ.

పూజిత వేలు మళ్లీ ముప్పై ఒకటో షరతు మీదికి జరిగింది. "వాళ్ల ఇండ్లయితయి అత్తమ్మా. రేపు యాప్ వద్దని బయటికొస్తే, రెండేండ్లు మన ఇండ్లకే మనం పాలు పొయ్యొద్దు."

"నా చిన్నప్పటి సంది మన పాలే తాగే చాంద్రాయణగుట్ట సావిత్రత్తకు గూడనా?" బాలరాజ్ గొంతు చిన్నబోయింది.

"ఆమెకు గూడ."

పూజిత అత్తనే చూస్తూ ఉండిపోయింది. ఎక్కడి రెండో షరతు, ఎక్కడి ముప్పై ఒకటో షరతు! బడిగడప తొక్కని మనిషి, పాలు పిండుతూనే ఆ రెండింటినీ ముడేసింది. తను కాలేజీలో కాంట్రాక్టు చట్టానికి పాస్ మార్కులు తెచ్చుకుంది, అంతే.

ఆ ఒక్క షరతు తీసేయమని బాలరాజ్ కంపెనీకి రాశాడు. షరతులు మార్చడం కుదరదని నిమిషంలో జవాబు వచ్చింది. అతను ఫోన్‌ను పూజిత చేతిలో పెట్టాడు. "నువ్వే నొక్కు."

'అంగీకరించను' నొక్కింది. యాప్ మూసుకుంది.

"కోపమొచ్చిందా దానికి?" లలితమ్మ అడిగింది.

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. దూడ బెదిరి తాడు లాగింది.

"నవ్వింది చాలు. కోడల్ని గూడ బండెక్కించుకో రా," అంది లలితమ్మ. "ఏ ఇండ్ల కోసం గింత చదివిందో, ఆ ఇండ్లు ఒక్కసారన్న చూడాలె గద."

క్యాన్ల మధ్య ఇరుక్కుని, మొగుడి నడుం పట్టుకుని, పూజిత మొదటి ఇంటికి బయల్దేరింది.